ర్యాలీలకు వెళ్లే అమ్మాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఉప్పాడలో మా అత్తగారి ఇల్లు సముద్రంలో కలిసిపోయినప్పటి నుంచి వాతావరణ న్యాయం అంటూ ఒక యువ బృందంతో ర్యాలీలకు వెళ్తోంది. ఉద్యమం ఉద్యోగం కాదని మందలించి ఫోన్ తీసేసుకున్నాను. బీటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ మంచిదా, ఐదేళ్ల లా మంచిదా? రేపు పోలీసు కేసు అయితే అమ్మాయి భవిష్యత్తు ఏమిటి?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల మధ్య తేడా గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది చివరి వాక్యమే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. అనుమతి తీసుకున్న ర్యాలీలో ప్లకార్డు పట్టుకొని నడిచినంత మాత్రాన ఎవరి భవిష్యత్తూ పాడైపోదు. అయితే భయపడవలసింది ఏమీ లేదని కూడా నేను చెప్పను. బెంగళూరుకు చెందిన వాతావరణ ఉద్యమకారిణి దిశా రవిని 2021 ఫిబ్రవరిలో రైతు ఉద్యమానికి సంబంధించిన ఒక ఆన్‌లైన్ పత్రం విషయమై ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. పది రోజులకు న్యాయస్థానం బెయిల్ ఇచ్చింది. కేసంటూ నమోదైతే పాస్‌పోర్టు తనిఖీలోనూ, ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలోనూ దాని ప్రస్తావన వస్తుంది. చాలామందికి ఇబ్బంది తెచ్చిపెట్టేది కేసు కన్నా, దాన్ని దాచిపెట్టడమే. అందువల్ల ర్యాలీకి అనుమతి ఎవరు తీసుకున్నారో, బృందం పేరిట వెళ్లే పోస్టులు ఎవరు రాస్తున్నారో అమ్మాయిని అడిగి తెలుసుకోండి. ఆమె చెప్పాలంటే మీ ఇద్దరి మధ్య మాటలు ఉండాలి కదా. మన్నించండి, ఇల్లు పోయింది మీ సొంతవాళ్లది. అది ఎందుకు పోయిందని అడుగుతున్న పిల్ల దగ్గర ఫోన్ లాక్కోవడం జవాబు కాదు. ముందు అది తిరిగి ఇచ్చేయండి.

ఉద్యమం ఉద్యోగం కాదన్న మీ మాటతో మాత్రం నేను ఏకీభవిస్తాను. ఈ మధ్య ‘యువ క్లైమేట్ లీడర్’ అన్న బిరుదు పెద్ద ఫ్యాషన్ అయిపోయింది. ఫీజు కట్టించుకొని నాలుగు వారాంతాల్లో ‘నాయకత్వం’ నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కార్యక్రమాలపై నాకు ఏమాత్రం నమ్మకం లేదు. ఏ నియామక కమిటీ కూడా వాటిని చూసి ఉద్యోగం ఇవ్వదు. కంపెనీల్లో పర్యావరణ బాధ్యతలు చూసే సస్టైనబిలిటీ విభాగాల పట్లా నాకు కొంత సందేహమే. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సమాజం పట్ల తమ బాధ్యతపై ఏటా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టాక అక్కడ ఉద్యోగాలు పెరిగిన మాట నిజమే గానీ, అందులో చాలా భాగం పట్టికలు నింపే పని. కాలుష్యానికి కారణం కాని మత్స్యకారుడే ముందుగా ఎందుకు నష్టపోతున్నాడని అడిగే అమ్మాయికి అది ఎంతకాలం రుచిస్తుందో ఆలోచించండి.

యువత నాయకత్వం అంటే నాకు గుర్తొచ్చేది పసిఫిక్ ద్వీపాల విద్యార్థులు. 2019లో వనువాటులో, యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్‌లో లా చదువుతున్న 27 మంది విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానమే చెప్పాలంటూ తమ ప్రాంత ప్రభుత్వాలకు లేఖలు రాశారు. వనువాటు ప్రభుత్వం ఆ ఆలోచనను అందిపుచ్చుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం చేసింది. 2025 జూలై 23న హేగ్‌లోని న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యతేనని, దాన్ని ఉల్లంఘిస్తే పరిహారం చెల్లించవలసి రావచ్చని ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది. అది కేవలం సలహా రూపంలోని అభిప్రాయమే, ఏ దేశాన్నీ నేరుగా కట్టడి చేసే తీర్పు కాదు. అయినా ఆ పిల్లలు అంత దూరం వెళ్లగలిగింది నినాదాల వల్ల మాత్రమే కాదు, తరగతి గదిలో నేర్చుకున్న న్యాయశాస్త్రం వల్ల కూడా.

మీ ఉప్పాడనే తీసుకోండి. తీరం కోతకు సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణం కాదు. నదులు తేవలసిన ఇసుక ఆనకట్టల వెనుక ఆగిపోవడం, తీరం వెంబడి వెలిసిన కట్టడాలు కూడా కారణాలే. ర్యాలీలో ఇవన్నీ ఒకే నినాదంలో ఇమిడిపోతాయి గానీ, పరిహారం అడిగిన రోజున ఏ కారణం పాలు ఎంత అని న్యాయమూర్తి తప్పకుండా అడుగుతారు. దానికి లెక్క చెప్పగలవారు కావాలి, ఆ లెక్కను కోర్టులో నిలబెట్టగలవారూ కావాలి.

ఇక మీరు అడిగిన పోలిక. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌ను బీటెక్ స్థాయిలోనే తీసుకోవడం కన్నా సివిల్ చదివి ఎంటెక్‌లో అటు వెళ్లడం మేలు, ఎందుకంటే మొదటిది దొరికే కళాశాలలు తక్కువ, సివిల్‌తో మిగతా దారులు మూసుకుపోవు. లాకు ఎంపీసీ అడ్డు కాదు. వాదించడం, ఓపికగా చదవడం ఆమెకు ఇష్టమైతే నా మొగ్గు అటే. మీరు అడగని మూడో దారి ఒకటుంది: డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల పీజీ చేయడం. సముద్ర సమాచారం అందించే హైదరాబాద్‌లోని జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ వంటి సంస్థలకు కావలసింది అటువంటివారే.

ఈ మూడింటిలో ఏది చదివినా మీ అమ్మాయికి అన్నం పెడుతుంది, ఆ బెంగ వదిలేయండి. ఈఏపీసెట్ ఎలాగూ రాస్తుంది కాబట్టి లా ప్రవేశ పరీక్ష క్లాట్‌కు కూడా దరఖాస్తు పెట్టించండి. రెండు ర్యాంకులూ వచ్చాక కూర్చోబెట్టి మాట్లాడి, నిర్ణయం ఆమెకే వదిలేయండి.