ప్రశ్న అడిగినవారి పక్కన నిలబడ్డ భౌతిక శాస్త్రవేత్త

మీరు రెండు సంగతులు అడిగారు. పరిశోధన చేస్తూనే సామాన్యులకు సైన్సు చెప్పిన భారతీయ భౌతిక శాస్త్రవేత్తల్లో ఎవరి ప్రభావం నా మీద ఉందన్నది ఒకటి. ప్రయోగశాల విడిచి జనంలోకి రావడం శాస్త్రవేత్తకు వెనకడుగు కాదా అన్నది రెండోది. ఇరవై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతున్న నాకు రెండింటికీ జవాబు ఒక్క మనిషి జీవితంలోనే దొరికింది. ఆయన ఆచార్య యశ్‌పాల్.

1926లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఝంగ్‌లో పుట్టిన ఆయన 1949లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ పూర్తి చేసి, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో కాస్మిక్ కిరణాల మీద, అంటే అంతరిక్షం నుంచి భూమి మీదికి వచ్చే కణాల మీద పనిచేశారు. 1958లో అమెరికాలోని ప్రసిద్ధ సాంకేతిక విశ్వవిద్యాలయం ఎం.ఐ.టి. నుంచి డాక్టరేట్ పొందారు. ఈ కణాలను పట్టుకోవడానికి ఆ రోజుల్లో మందపాటి ఫోటోగ్రాఫిక్ ఎమల్షన్ పొరలను పెద్ద పెద్ద బెలూన్లకు కట్టి పైకి పంపేవారు. వాటిని కిందికి తెచ్చి డెవలప్ చేస్తే, కణం వెళ్లిన దారి వెంట సన్నని నల్లచుక్కల వరస కనిపిస్తుంది. ఆ వరస ఎక్కడ చిక్కబడిందో, ఎక్కడ వంగిందో, ఎక్కడ చీలిందో సూక్ష్మదర్శినిలో చూస్తూ, చుక్కలు లెక్కపెడుతూ, వచ్చిన కణమేదో తేల్చాలి. తోటి శాస్త్రవేత్తలు బెర్నార్డ్ పీటర్స్, దేవేంద్ర లాల్‌లతో కలిసి కె-మెసాన్లు అనే, పుట్టిన కాసేపటికే విడిపోయే కణాల మీద ఆయన చేసిన పని ఈ కోవలోనిదే. ఒక చిన్న గీత ముందు రోజుల తరబడి కూర్చునే ఆ అలవాటే తరువాత పిల్లల ప్రశ్నల ముందు ఆయన చూపిన ఓపికకు మూలమని నేను నమ్ముతాను.

1973లో అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు ఆయన తొలి డైరెక్టర్ అయ్యారు. అక్కడ ఆయన చేయించిన పెద్ద పని ‘సైట్’ ప్రయోగం. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ ప్రసారాలు అందించారు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. పగలు బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు ఉండేవి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతాలను అందుకోవడానికి కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప వల వంటి దానితో సుమారు మూడు మీటర్ల వెడల్పు యాంటెన్నాలు మన ఇంజనీర్లే చేశారు. చాలా నగరాలకే టీవీ లేని కాలంలో దాన్ని ముందుగా పల్లెకు చేర్చాలన్న ఆలోచన మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్‌ది. ఆయన పోయాక దాన్ని నేల మీద నిలబెట్టినవారిలో యశ్‌పాల్ ముఖ్యులు.

నాకు ఆయన తెలిసింది మాత్రం దూరదర్శన్‌లో వచ్చిన ‘టర్నింగ్ పాయింట్’ అనే సైన్సు కార్యక్రమం ద్వారా. అప్పుడు నాకు పదేళ్లు దాటాయి. మా ఇంట్లో ఎవరికీ హిందీ సరిగ్గా రాదు, అయినా తెల్లజుట్టు పెద్దాయన తెర మీదకు రాగానే నేను చదువుతున్న పుస్తకం మూసేసేవాణ్ణి. ప్రేక్షకులు రాసి పంపిన ప్రశ్నలకు ఆయన జవాబు చెప్పేవారు. సమీకరణం ఉండేది కాదు, బోర్డు ఉండేది కాదు. చేతులు తిప్పుతూ, మధ్యలో ఆగి ఆలోచిస్తూ, అడిగినవారితో కలిసి వెతుకుతున్నట్టు మాట్లాడేవారు. జవాబు ముందే తెలిసిన పెద్దమనిషిలా కాకుండా ఆ ప్రశ్న తనకే ఇప్పుడు తట్టినట్టు ఉండే ఆ తీరును నేను మా ఉపాధ్యాయుల్లో ఎవరిలోనూ చూడలేదు.

1995 అక్టోబరు 24న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం చేసినప్పుడు వ్యాఖ్యానం చెప్పినవారిలో ఆయన ఉన్నారు. మా ఇంట్లో ఆ ఉదయం తలుపులన్నీ మూసి ఉన్నాయి, పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేసి ఉన్నాయి, పొయ్యి వెలగలేదు. టీవీలో చూడవచ్చా కూడదా అన్న చర్చ జరిగి, చివరికి నాయనమ్మ ఒప్పుకుంది. చంద్రుడి అంచున వజ్రపుటుంగరంలా వెలుగు మెరిసిన ఆ క్షణంలో ఆయన గొంతులో పలికిన సంబరం విని, జపమాల పట్టుకుని లోపల కూర్చున్న నాయనమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ విడుపు స్నానం మానలేదు, దర్భలు ముందుగా తీయలేదు; కానీ మధ్యాహ్నం నన్ను పిలిచి, చంద్రుడు అంత చిన్నవాడు కదా, సూర్యుణ్ణి అంత సరిగ్గా ఎలా కప్పాడని అడిగింది. సూర్యుడు చంద్రుడికన్నా సుమారు 400 రెట్లు పెద్దవాడని, దూరం కూడా ఇంచుమించు అన్ని రెట్లే ఎక్కువని ఆవిడకు వివరించడమే నేను చెప్పిన మొట్టమొదటి సైన్సు పాఠం.

ఉపాధ్యాయుడినయ్యాక నాకు ఎక్కువగా ఉపయోగపడినది 1993లో ఆయన అధ్యక్షతన వచ్చిన ‘భారం లేని చదువు’ నివేదిక. పుస్తకాల సంచి బరువు మీద మొదలైన చర్చను ఆ కమిటీ మరింత లోతుకు తీసుకువెళ్లింది: వీపు మీద బరువుకంటే అర్థం కాకుండా మోసే చదువు బరువు ఎక్కువ హాని చేస్తుందని తేల్చింది. నా మొదటి ఏళ్లలో నేనూ ఆ బరువును మోయించినవాణ్ణే. సిలబస్ ఎందుకు వెనకబడిందని పైవారు అడుగుతారన్న భయంతో తరగతిలో లేచిన చేతులను చూసీ చూడనట్టు పాఠం సాగించేవాణ్ణి.

ఒక వేసవి ముందు ఎనిమిదో తరగతి పిల్ల, ఫ్యాన్ గాలిని చల్లబరుస్తుందా అని అడిగింది. లేదు, మన చెమట ఆవిరైపోతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుందని చెప్పి ముందుకు వెళ్లబోయాను. ‘అయితే థర్మామీటరుకు చెమట పట్టిస్తే అది కూడా దిగుతుందా సార్?’ అంది. ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను. ప్రయోగశాల థర్మామీటరు తెచ్చి ఫ్యాన్ కింద పెడితే 33 డిగ్రీల దగ్గరే నిలిచింది. బల్బుకు తడి దూది చుట్టి పట్టుకోగానే పాదరసం మెల్లగా దిగడం మొదలుపెట్టి 26 దగ్గర ఆగింది. నలభై మంది బెంచీలు దిగి వచ్చి దాని చుట్టూ మూగారు. ఆ పిల్ల అడిగిన రెండో ప్రశ్న మా పాఠ్యపుస్తకంలో లేదు. పిల్లలు తమ చుట్టూ చూసి అడిగే ప్రశ్నల నుంచే సైన్సు మొదలు కావాలని యశ్‌పాల్ జీవితమంతా ఎందుకు చెప్పారో నాకు ఆ గదిలో తెలిసింది.

ఇక మీ రెండో ప్రశ్న. జనానికి చెప్పడం కోసం ఆయన శాస్త్రాన్ని విడిచిపెట్టలేదు. 1986 నుంచి 1991 వరకు విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే సంఘం యూజీసీకి అధ్యక్షులుగా ఉంటూ, ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ సొంతంగా కొనలేని పరికరాలను అందరూ వాడుకునేలా అంతర్‌ విశ్వవిద్యాలయ కేంద్రాలకు రూపం ఇచ్చారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నడిపించిన పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా వాటిలో ఒకటి. ఉపగ్రహాన్ని పల్లెకు, పెద్ద పరికరాన్ని చిన్న విశ్వవిద్యాలయానికి, జవాబును ఉత్తరం రాసిన పిల్లవాడికి చేర్చడం ఆయనకు వేర్వేరు ఉద్యోగాలుగా తోచినట్టు నాకు అనిపించదు. 2009లో సైన్సును జనానికి చేరువ చేసినవారికి యునెస్కో ఇచ్చే కళింగ బహుమతి, 2013లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2017 జూలైలో కన్నుమూశారు. మీరు పరిశోధనలో ఉండి, బడిపిల్లలతో మాట్లాడాలా వద్దా అని తటపటాయిస్తుంటే, దగ్గరలోని ఒక పాఠశాలకు ప్రసంగం సిద్ధం చేసుకోకుండా వెళ్లి, గంటసేపు పిల్లలనే అడగనివ్వండి.