ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ "మీరు వైశ్యులా?" అని ఎందుకు అడుగుతారు?

అమ్మగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అనగానే మత్తు డాక్టర్ వచ్చి "మీరు వైశ్యులా?" అన్నారని, ఈ రోజుల్లో ఆస్పత్రిలో కూడా కులమేనా, అసలు డీఎన్‌ఏలో కులం ఉంటుందా అని అడిగారు మీరు. మీ కోపం అర్థమైంది. కానీ మా తమ్ముడి ఆపరేషన్‌కి ముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మాది పల్నాడు, మేం ఆర్యవైశ్యులం. తొమ్మిదేళ్ల కిందట తమ్ముడికి విపరీతమైన కడుపునొప్పి వస్తే ఊళ్లోనే ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాం. అపెండిక్స్, వెంటనే తీసేయాలి అన్నారు. రాత్రి పదకొండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్లారు. పన్నెండున్నరకి సర్జన్ బయటికొచ్చి, "ఆపరేషన్ బాగానే జరిగిందండీ, కాకపోతే కుర్రాడు తనంతట తాను ఊపిరి తీసుకోవడం లేదు" అన్నారు. నాన్న అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయారు. మత్తు డాక్టరు, అసిస్టెంటు వంతులు వేసుకుని తెల్లవార్లూ ఆంబూ బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కుతూనే ఉన్నారు. నాలుగున్నరకి తమ్ముడు వేలు కదిపాడు. ఆరింటికి గొంతులో ట్యూబు తీశారు.

రెండు రోజుల తర్వాత వాడు నాతో అన్న మాటలివి. "అన్నా, మధ్యలో నాకు మెలకువ వచ్చింది. మీ గురించి మాట్లాడుకోవడం కూడా వినపడింది. కళ్లు తెరుద్దామంటే రెప్ప లేవలేదు. చచ్చిపోయాననుకున్నా." కంటి చివర నీళ్లు కారడం మత్తు డాక్టర్ చూసి మళ్లీ నిద్రమందు ఇచ్చారట. ఆయన చూడకపోయి ఉంటే ఎంతసేపు అలా ఉండేవాడో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

ఆపరేషన్ అయిన పొద్దున్నే మత్తు డాక్టర్ నాన్నని కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట ఇదే: "మీరు వైశ్యులా?" రెండోది: "మీ వాళ్లలో ఇంతకుముందు ఎవరికైనా ఇలా అయిందా?" నాన్న లేదన్నారు. పక్కనే ఉన్న నానమ్మ, "ఎందుకు లేదురా, మీ అన్నకి హెర్నియా ఆపరేషన్ చేసినప్పుడు మర్నాటి దాకా లేవలేదు కదా, దేవుడి దయ అనుకున్నాం" అంది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఉన్న సంగతి. ఎవరూ దాన్ని సంగతి అనుకోలేదు, అంతే.

విషయం ఏమిటంటే, మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో ట్యూబు వేయడానికి కండరాలు వదులయ్యే ఇంజక్షన్ ఒకటి ఇస్తారు. దాని పేరు సక్సినైల్‌కోలిన్, డాక్టర్లు స్కోలిన్ అంటారు. నిమిషంలో పనిచేస్తుంది, మామూలుగా ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టేది రక్తంలో ఉండే ఒక ఎంజైమ్, బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. లివర్ తయారుచేస్తుంది. అది లేనివాళ్లలో ఆ మందు గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. ఛాతీ కండరాలు కూడా కదలవు కాబట్టి ఊపిరి ఉండదు. మిషన్ మీద ఊపిరి అందిస్తూ, నిద్రలో ఉంచుతూ, దిగేదాకా ఓపిక పట్టడమే వైద్యం. ఈ ఎంజైమ్ లేకపోయినా మనిషి నిక్షేపంగా బతుకుతాడు. అందుకే థియేటర్ బల్ల ఎక్కేదాకా బయటపడదు.

తమ్ముడికి కోలుకున్నాక రక్తపరీక్ష చేయిస్తే ఎంజైమ్ దాదాపు సున్నా. ల్యాబ్ అబ్బాయి ఆ అంకె చూసి, "ఏం మందు తాగాడండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు. పత్తి, మిరప పండే మా వైపు ఈ పరీక్ష ఎక్కువగా పురుగుమందు తాగినవాళ్లకి చేయిస్తారు, వాళ్లలోనూ ఇది పడిపోతుంది. అలాంటి అనుమానం లేకుండా తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్ష కావాలని హైదరాబాద్‌లో జెనెటిక్స్ డాక్టర్ చెప్పారు. మా నలుగురి దగ్గరా ఊదా మూత సీసాల్లో తలో కాస్త రక్తం తీసుకున్నారు.

రిజల్ట్ వచ్చిన రోజు ఆవిడ కంప్యూటర్‌లో గ్రాఫ్ చూపించారు. నాలుగు రంగుల్లో అలలు అలలుగా ఉంది. ఒక్కో అల డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం. ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ ఎర్ర అల, అంటే టి ఉండాలి. మీ తమ్ముడికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు కాపీల్లోనూ నీలం, అంటే సి ఉంది" అన్నారు. అమ్మదీ, నాన్నదీ, నాదీ చూస్తే అదే చోట ఎరుపూ నీలమూ ఒకదాని మీద ఒకటి. ఒక కాపీ మంచిది, ఒకటి కాదు. ఆ ఒక్క అక్షరం మారడం వల్ల ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంటుంది, ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. వైశ్యుల్లో కనిపించే మార్పు ఇదే.

అమ్మావాళ్లది ప్రొద్దుటూరు. మేనరికం కాదు, గోత్రాలు వేరు. మరి ఇద్దరిలోనూ అదే అక్షరం ఎలా వచ్చింది? మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. డీఎన్‌ఏలో కులం ఉండదు, ఎవరితో వియ్యమందామో ఉంటుంది. 102 గోత్రాలని చెప్పుకుంటాం కానీ, రెండు మూడు వేల ఏళ్ల కిందటి కొద్దిమంది పూర్వీకుల నుంచి లక్షల మందిమి అయ్యాం. మధ్యలో బయటివాళ్లతో పెళ్లిళ్లు దాదాపు లేవు. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న మార్పు పల్నాడుకీ ప్రొద్దుటూరుకీ కూడా పాకింది. మేనరికం కాదు కదా అని ధీమాగా ఉండే మా వాళ్లందరికీ ఇది చెబుతుంటాను.

ఇది వైశ్యుల ఒక్కరి కథ కాదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికాలోని హార్వర్డ్ వాళ్లు కలిసి 2017లో 260కి పైగా సముదాయాలకు చెందిన 2,800 మందికి పైగా మనుషుల డీఎన్‌ఏ సమాచారం పరిశీలించారు. 81 సముదాయాల్లో ఈ కొద్దిమంది పూర్వీకుల ప్రభావం, దీనికి పేరుపడ్డ యూరప్‌లోని ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఎక్కువగా ఉందని తేలింది. ఒక్కో సముదాయంలో ఒక్కో జబ్బు దాగి ఉండొచ్చు. మాది స్కోలిన్ వల్ల ముందే బయటపడింది, అంతే తేడా.

ఇంట్లో మాత్రం అంత తేలిక కాలేదు. చెల్లికి సంబంధాలు చూస్తున్న రోజులవి. దానికీ పరీక్ష చేయిస్తానంటే అమ్మ ఏడ్చింది, "జబ్బు ఉందని చెప్పుకుంటే ఎవరు చేసుకుంటార్రా" అని. అమ్మని తప్పుపట్టను, ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. పెళ్లయ్యాక చెల్లే భర్తకి చెప్పి వెళ్లి చేయించుకుంది. దానికీ రెండు కాపీలూ నీలమే. నెలలు నిండాక సిజేరియన్ అన్నారు. చెల్లి తనకి ఈ లోపం ఉందని రాసి ఉన్న కార్డు చూపించింది. ముందే అనుకుని వెన్నులో మత్తు ఇచ్చారు. ఒకవేళ పూర్తి మత్తు కావాల్సి వస్తే స్కోలిన్ బదులు రోకురోనియం ఇవ్వాలని రాసి పెట్టుకున్నారు. అరగంటలో పాపని చూపించారు.

కాబట్టి మీరు వైశ్యులైతే అవునని చెప్పండి. అయినంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు, చాలామందికి ఉండదు. కాకపోయినా ఇది ఉండొచ్చు. అందుకే అమ్మగారి వైపు వాళ్లని ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి, ఆపరేషన్ తర్వాత ఎవరికైనా లేటుగా మెలకువ వచ్చిందా అని. ముసలివాళ్లని ముఖ్యంగా అడగండి. అనుమానం ఉంటే సూడోకోలినెస్టరేజ్ (పైన చెప్పిన ఎంజైమ్‌కే ఇంకో పేరు) పరీక్ష చేయమని డాక్టర్‌తో చెప్పండి, మామూలు రక్తపరీక్షే. ఏదైనా తేలితే నర్సుకి నోటితో చెప్పి ఊరుకోకండి, కేస్‌షీట్ మీద ఎర్ర ఇంకుతో రాయించండి.