పురి ఎక్కడ ఉంటుంది? ఒక కొత్త రచయిత్రికి లేఖ

బరంపురం

చిరంజీవికి,

ఆశీస్సులు. పర్లాకిమిడి నుండి నీవు పంపిన టార్షన్ (స్థలకాలపు మెలి) క్షేత్రాల వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలూ చదువుతున్నంతసేపూ సంతోషించాను. మూడో పేజీలో “కాబట్టి స్పిన్ ఉన్న ప్రతి పదార్థం నుండీ టార్షన్ తరంగాలు వెలువడి మన శరీరాన్ని తాకుతూ ఉంటాయి” అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరమంతా ఆ “కాబట్టి” గురించే.

దానికి ముందు నీవు చెప్పిన చరిత్రలో పొరపాటు లేదు. ఐన్‌స్టీన్ సాపేక్షతలో స్థలకాలానికి వక్రత ఒక్కటే ఉంటే, మెలికి కూడా అందులో చోటున్నదని 1922లో ఫ్రెంచి గణితవేత్త ఎలీ కార్టాన్ చూపించాడు. ఎలక్ట్రానుకు స్పిన్, అంటే స్వతహాగా ఉండే భ్రమణం వంటి గుణం, ఉన్నదని ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ప్రతిపాదించినది 1925లో. 1960ల మొదట్లో కిబుల్, షియామా ఎవరికి వారుగా ఈ రెండింటినీ ఒకే సిద్ధాంతంలోకి తెచ్చారు. ఇదంతా బాగానే రాశావు. అయితే అసలు మెలి అంటే ఏమిటో చెప్పవలసిన చోట “సంబంధకపు అసౌష్ఠవ భాగం” అని ఒక్క మాట పడేసి ముందుకు సాగిపోయావు. ఒడియా మాధ్యమంలో చదివినదానివి కనుక తెలుగు సాంకేతిక పదం దొరకగానే దాని చాటున నిలబడాలనిపించడం సహజమే, కాని చదివేవాడికి ఆ పదం ఏమీ చూపించదు.

మీ వాకిట్లో చుక్కల ముగ్గును తలచుకో. ఒక చుక్క దగ్గర మొదలుపెట్టి తూర్పుకు ఒక చుక్క, అక్కడి నుండి ఉత్తరానికి ఒక చుక్క జరుగు. మళ్ళీ మొదటి చుక్కకు వచ్చి, ఈసారి ముందు ఉత్తరానికి, ఆ తరువాత తూర్పుకు జరుగు. మామూలు వాకిట్లో రెండు దారులూ ఒకే చుక్క మీదికి చేరతాయి. మెలి ఉన్న చోట చేరవు. గడిని ఎంత చిన్నది చేసినా, దాని వైశాల్యానికి తగినంత సందు నాలుగో మూలలో మిగిలిపోతుంది. ఆ సందే టార్షన్. వక్రత వేరు: ఒక బాణాన్ని దాని దిశ చెదరకుండా చుట్టూ తిప్పి తెచ్చినా అది మరో దిక్కును చూస్తూ ఉంటే అక్కడ వక్రత ఉన్నట్లు. లోహపు స్ఫటికాలలో మర వంటి ఒక లోపం ఉంటుంది. దాని చుట్టూ అణువు వెంట అణువు మీదుగా ఒక చుట్టు తిరిగితే, గుండ్రటి మేడమెట్లు ఎక్కినట్లు, బయలుదేరిన చోటికి ఒక పొర పైన తేలతాం. 1950లలో జపానులో కొండో, ఇంగ్లండులో బిల్బీ బృందం ఇటువంటి లోపాలను మెలి జ్యామితితోనే వర్ణించారు. ఈ ఉదాహరణకు నీ వ్యాసంలో ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు. కళాశాల ప్రయోగశాలలోని తీగ మెలినీ, తీగ మెలితో గురుత్వాన్ని కొలిచిన 1798 నాటి కావెండిష్ తులనూ మాత్రం తీసివెయ్యి. పేరు ఒక్కటే గాని సంగతి వేరు.

ఇక ఆ “కాబట్టి” సంగతి. మా వీధిలో పట్టు నేసేవారు దారానికి పురి ఎక్కిస్తుండగా చూస్తూ పెరిగినవాణ్ణి. పురి దారంలోనే ఉంటుంది, మగ్గం పక్క గాలిలోకి పాకదు. కార్టాన్, కిబుల్, షియామాల సిద్ధాంతంలో మెలి కూడా సరిగ్గా ఇంతే. అక్కడ మెలికీ స్పిన్ సాంద్రతకూ ఉన్న సమీకరణం బీజగణిత సమీకరణం. అందులో తరంగంగా ప్రసరించేందుకు కావలసిన అవకలన పదాలు, అంటే మార్పు రేటును చెప్పేవి, లేవు. స్పిన్ ఉన్న చోట మెలి ఉంటుంది, పదార్థం దాటగానే సున్నా. పైగా మామూలు పదార్థంలో స్పిన్‌లు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఎలక్ట్రాన్లతో మెలి ప్రభావం గురుత్వంతో సరితూగాలంటే ఘన సెంటీమీటరుకు ఒకటి పక్కన 47 సున్నాలు పెట్టినన్ని గ్రాముల సాంద్రత కావాలి. పరమాణు కేంద్రకంలో ఉన్నది 2 పక్కన 14 సున్నాలు మాత్రమే. అందుకే ఈ సిద్ధాంతాన్ని పట్టించుకునేవారు విశ్వం తొలి క్షణాల వైపు చూస్తారు. అంతటి సాంద్రతలో మెలి వికర్షణగా పనిచేసి, విశ్వం ఒక బిందువుగా కుప్పకూలకుండా ఆపగలదని 1970లలో కొప్చిన్‌స్కీ, ట్రాట్మన్ లెక్కలు కట్టారు.

మెలి ప్రసరించే సిద్ధాంతాలు కూడా కాగితం మీద ఉన్నాయి, వాటిని దాచవద్దు. ఏ ప్రయోగంలోనూ అది ఇంతవరకు కనిపించలేదన్న మాటను మాత్రం పక్కనే రాయి. 2004లో అంతరిక్షంలోకి వెళ్ళిన గ్రావిటీ ప్రోబ్ బి ఉపగ్రహంలోని తిరిగే క్వార్ట్జ్ గోళాలతో మెలిని పరీక్షించవచ్చునని 2007లో మావో, టెగ్మార్క్, గూత్, కాబీ ఒక పత్రం ప్రచురించారు. తిరిగే బంతికి ఉండేది భ్రమణమే గాని కణాల స్వంత స్పిన్ కాదు, కనుక అది మెలిని గుర్తించలేదని భౌతికశాస్త్రవేత్త హెల్, ఆయన సహచరులు అడ్డు చెప్పారు. ఆ వాదం సమీకరణాలతో, అందరి ముందూ జరిగింది.

సోవియట్ దేశంలో “టార్షన్ క్షేత్రాల”ను ప్రచారం చేసిన అకిమోవ్, షిపోవ్‌ల కథ ఇందుకు పూర్తిగా విరుద్ధం. కాంతిని మించిన వేగం, ఏ గోడా ఆపలేని చొచ్చుకుపోయే గుణం, శక్తి లేకుండానే సమాచారం మోసుకుపోవడం వంటివన్నీ సోవియట్ కాలం చివర్లో టార్షన్ పేరుతోనే చెప్పారు. భౌతికశాస్త్రవేత్త అలెగ్జాండ్రోవ్ వంటివారు దానిని బయటపెట్టాక, 1991లో సోవియట్ పార్లమెంటు శాస్త్ర సంఘమే ఆ పరిశోధనకు ప్రభుత్వ ధనం ఇవ్వడాన్ని తప్పుపట్టింది. నీ మూడో పేజీలోని వాక్యం ఈ కొమ్మ మీదిదే, కార్టాన్ కొమ్మ మీదిది కాదు. నీవు చదివిన వ్యాసాలు రెండింటినీ ఒకే పేరాలో కుట్టివేసినందువల్ల అతుకు నీకు కనిపించలేదు.

నాకూ కనిపించలేదమ్మా. చాలా ఏళ్ళ క్రితం ఈ ఊళ్ళోనే ఒక అద్దె హాలులో “టార్షన్ బిళ్ళలు” అమ్ముతుంటే ఒకటి కొన్నాను. అత్తగారి మోకాళ్ళ నొప్పికని నలభై రోజులు రాగి చెంబు కింద పెట్టాం. నొప్పి తగ్గలేదు. అంతకన్నా సిగ్గుపడవలసినది, ఆ మధ్యలోనే నేను ఒక పత్రికకు ఉత్సాహంగా వ్యాసం రాసి, కార్టాన్ పేరును ఆ బిళ్ళకు అరువిచ్చాను. అది అచ్చయ్యాక ఎదురింటి నేతపని ముసలాయన అడిగాడు: “దూరం పోతే తగ్గుతుందా, తగ్గదా? తగ్గదంటే మా ఇంట్లో బిళ్ళ ఎందుకు, మీ ఇంట్లోది చాలదా?” నా దగ్గర జవాబు లేదు.

కనుక మూడో పేజీని కొట్టివేయకు, తిరగరాయి. ఆ వాక్యాన్ని యథాతథంగా ఉంచి, “ఇలా అంటారు” అని మొదలుపెట్టి, ఎక్కడ ఎందుకు తెగిపోతుందో చూపించు. పదం విషయంలో నా సలహా: మొదటిసారి టార్షన్ అను, ఆ తరువాత మెలి అను, పురి అన్నది ఉపమానానికే ఉంచుకో. గడి మూసుకోని పటాన్ని ఎక్కడి నుండీ తెచ్చి అతికించవద్దు. నీ చేత్తో, ముగ్గు చుక్కలతోనే గీసి, సవరించిన ప్రతితో కలిపి దసరాలోపు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు