జయప్రకాశ్ రెడ్డి గారికి సినిమాల్లో గుర్తింపు రావడానికి అంత ఆలస్యం ఎందుకయింది?

ఎందుకంటే ఆయన సినిమాల్లోకి రెండుసార్లు రావాల్సి వచ్చింది. అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్లలో పుట్టిన ఆయన లెక్కల మాస్టారు. బడి పని చేసుకుంటూనే నాటకాలాడేవారు. ఆయన నాటకం చూసిన దర్శకుడు దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడు గారికి చెప్పడంతో 1988లో 'బ్రహ్మపుత్రుడు'లో వేషం దొరికింది. తర్వాత చిన్నాచితకా పాత్రలే. ఇల్లు గడవక మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు.

1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చాక కథ మారింది. అంతకుముందు చాలామంది సినిమా విలన్ల మాటను బట్టి వాళ్లది ఏ ఊరో తెలిసేది కాదు. ఇందులో విలన్‌గా ఈయన నోట రాయలసీమ యాస అచ్చంగా పలికింది. మాటను సాగదీసి, కళ్లు పెద్దవి చేసి, చివర్లో ఠక్కున తెంచేవారు. ఆ గొంతు మైకు లేకుండా వెనక వరసకు వినపడేలా నాటకం తయారుచేసిన గొంతు. కామెడీలోనూ అదే పనికొచ్చింది.

నాకు మాత్రం ఆయన గొప్పతనమంతా 'అలెగ్జాండర్'లో కనిపిస్తుంది. వేదిక మీద ఒకే ఒక్క పాత్ర, నాటకం మొత్తం ఆయనే. సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా దాన్ని ఊరూరా ఆడారు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూశారు.