కారు తాళాల పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి కారు తాళాలు చేసే పని నేర్చుకుంటానంటున్నాడు. తాళంచెవులు అరగదీసే పనికి పంపడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఊహిస్తున్న పనికీ, ఇప్పుడు కారు తాళాల నిపుణులు చేస్తున్న పనికీ చాలా దూరముంది. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళంచెవి లేకుండా ఇంజన్ నడవనివ్వని ఎలక్ట్రానిక్ ఏర్పాటు, తప్పనిసరి అయింది. అది ఉన్న కార్లలో తాళంచెవి తలలో ఇమిడిన ట్రాన్స్‌పాండర్ చిప్, బ్యాటరీ లేకుండానే, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి శక్తిని అందుకొని సంకేతం పంపుతుంది. కారు ఆ సంకేతాన్ని గుర్తిస్తేనే ఇంజన్ నడుస్తుంది. అందువల్ల పళ్లు ఎంత చక్కగా కోసినా, ప్రోగ్రామింగ్ చేయని, అంటే కారుకు పరిచయం చేయని తాళంచెవి తలుపు తీస్తుందే తప్ప బండిని నడపదు. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్ల స్మార్ట్ కీలో ఈ సంభాషణంతా రేడియో తరంగాల మీదే జరుగుతుంది.

అసలు నైపుణ్యం తాళంచెవులన్నీ పోయినప్పుడు తెలుస్తుంది. ఒకటి చేతిలో ఉంటే, కొన్ని మోడళ్లలో యజమానే రెండోదాన్ని జతచేసుకోగలడు. ఒక్కటీ లేకపోతే కారు కంప్యూటర్‌ను పరీక్షించడానికి ఉండే ఓబీడీ పోర్టుకు యంత్రం కలిపి భద్రతా కోడ్‌తో ఆ కంప్యూటర్‌లోకి వెళ్లాలి, లేదా తాళాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టెను (మాడ్యూల్) విప్పి అందులోని మెమరీ చిప్‌ను చదవాలి. ఆ సమయంలో కారు బ్యాటరీ వోల్టేజీ పడిపోతే మాడ్యూలే పాడయ్యే ప్రమాదముంది కాబట్టి, జాగ్రత్తపరులు ముందుగానే బ్యాటరీకి బయటినుంచి సరఫరా కలుపుతారు.

కాబట్టి అబ్బాయిని ఈ పనిలోకి పంపండి, కానీ వరుస తప్పనివ్వకండి. మొదట కారు ఎలక్ట్రికల్ పని, విద్యుత్తును కొలిచే మల్టీమీటర్ వాడకం, వైరింగ్ డయాగ్రం చదవడం, సోల్డరింగ్ రావాలి, ఆ తరువాత తాళంచెవులు కోయడం, ప్రోగ్రామింగ్ చివరికి. చాలామంది యువకులు ఖరీదైన ప్రోగ్రామింగ్ యంత్రాన్ని ముందే కొనేస్తారు. ఏ యంత్రమూ అన్ని మోడళ్లకూ పనిచేయదు, పైగా వాటిలో చాలావాటి సాఫ్ట్‌వేర్‌కు ఎప్పటికప్పుడు డబ్బు కట్టాలి. ఈ తొందర నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇంకొక విషయం మీరే ఇంట్లో గట్టిగా చెప్పాలి. ఈ విద్య దొంగకూ పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రం, యజమాని గుర్తింపు చూడనిదే, అడిగినవారు ఎంత తెలిసినవారైనా, తాళంచెవి చేయకూడదు.

శిక్షణ సంస్థలో చేర్చే ముందు, విద్యార్థులు నిజమైన కార్ల మీద, ముఖ్యంగా తాళంచెవులన్నీ పోయిన కార్ల మీద, స్వయంగా పనిచేస్తారో లేదో అడగండి. తెర మీద చూపించి సరిపెట్టే చోటుకన్నా, అనుభవమున్న నిపుణుడి దగ్గర సహాయకుడిగా చేరడం మేలు.