పుకారుకూ, గూఢచార సంస్థలు పుట్టించే అబద్ధానికీ తేడా ఏమిటి?

మాది కోనసీమలో ఏటిగట్టు పక్క ఊరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే చాలు, గట్టుకు గండి పడిందని అర్ధరాత్రి ఎవరో ఒకరు ఫోను చేస్తారు. చెప్పేవాడూ భయపడే చెబుతాడు. అది పుకారు. గూఢచార సంస్థ అల్లే అబద్ధంలో భయం ఉండదు, లెక్క ఉంటుంది. అది పుట్టిన చోటు ఎవరికీ తెలియకూడదు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ మన ఢిల్లీలోనే మొదలైంది. 1983 జులైలో ‘పేట్రియాట్’ పత్రిక ఒక ఆకాశరామన్న ఉత్తరం అచ్చువేసింది. రాసినవాడు తాను అమెరికా శాస్త్రవేత్తనని చెప్పుకున్నాడు. ఎయిడ్స్‌ను అమెరికా సైన్యమే తయారుచేసిందని దాని సారాంశం. 1985లో సోవియట్ వారపత్రిక ‘లితెరతూర్నయ గజెత’ ఆ భారతీయ పత్రికనే సాక్ష్యంగా చూపి కథను మళ్లీ ఎత్తుకుంది. తన మాటను పరాయివాడి నోట పలికించి, తర్వాత వాడినే ఉటంకించడం! పనితనమంతా అక్కడే ఉంది.

అదే ఏడాది ఈ ప్రచారం గురించి సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ బల్గేరియా గూఢచార విభాగానికి పంపిన వర్తమానం తర్వాతి కాలంలో పాత దస్త్రాల్లో బయటపడింది. చరిత్రకారులకు అలాంటి కాగితం దొరకడానికి ఏళ్లు పడుతుంది. మా గండి సంగతి మాత్రం, గట్టు మీద కాపలా ఉన్నవాణ్ణి అడిగితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.