ట్రైక్ మీద వాషింగ్టన్ దాకా: ఏం సర్దుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి

చిరంజీవి చిన్నాకి,

పిన్ని ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నువ్వు రికంబెంట్ ట్రైక్, అదే వెనక్కి వాలి కూర్చుని తొక్కే మూడు చక్రాల సైకిల్, కొన్నావని, మే నెలాఖరులో పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా తొక్కుకుంటూ వెళ్దామనుకుంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నడుం నొప్పి వచ్చాక సైకిలే మానేసిన నీకు మళ్ళీ దూరం వెళ్ళాలనిపించడమే పెద్ద విషయం. నా మోకాళ్ళు మొరాయించినప్పుడు నన్ను మళ్ళీ రోడ్డెక్కించింది కూడా ఈ మూడు చక్రాల బండే.

నువ్వు పంపిన సామాన్ల లిస్టు శ్రద్ధగా చదివాను. సామాన్లు మంచివే కానీ అది మామూలు సైకిల్ మీద వెళ్ళేవాళ్ళ లిస్టు. ట్రైక్‌కి ఆ లెక్క పూర్తిగా కుదరదు. సైకిల్ మీదైతే కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరిగి, బ్యాగ్‌లోంచి జాకెట్ లాక్కోవచ్చు. ట్రైక్ మీద నువ్వు కూర్చునేది నేలకి జానెడు ఎత్తులో, వెనక్కి వాలి. బ్యాగులు నీ వీపు వెనక ఉంటాయి. అందులోంచి ఒక్క వస్తువు కావాలన్నా బ్రేక్ బిగించి, పెడల్స్ నుంచి పాదాలు విడిపించుకుని, చేతులు ఊని లేవాలి. నీ నడుంతో రోజుకి ఇరవైసార్లు ఆ పని చేస్తే సాయంత్రానికి మంచం పట్టాల్సిందే. అందుకని ముందు సామానంతా నేల మీద పరిచి రెండు కుప్పలు పెట్టు. లేవకుండా చేతికి అందాల్సినవి ఒకటి, రాత్రి మకాం దగ్గర తీస్తే చాలనుకునేవి రెండోది. ఏం తీసుకెళ్ళాలన్నది సగం సంగతే, ఎక్కడ పెట్టాలన్నది మిగతా సగం.

అందాల్సిన కుప్పకి సీటు ఫ్రేముకి రెండు వైపులా వేలాడే చిన్న సంచులు కొను. కుడివైపు సంచిలో ఫోను, సన్‌స్క్రీన్, పురుగుల స్ప్రే, చిరుతిండి పెట్టుకో. ఎడమవైపు సంచిలో పల్చటి గాలి జాకెట్, తలకి కట్టుకునే లైటు, టాయిలెట్ పేపర్, కళ్ళద్దాలు. దేని చోటు దానిదే, రోజూ మార్చకు. ఎడమ చేయి పెడితే జాకెట్ దొరకాలి, చూడక్కర్లేకుండా. ఒక్క జాగ్రత్త: సంచుల పట్టీలు, జాకెట్ తాళ్ళు ఏవీ వేలాడకూడదు. ముందు చక్రాలు రెండూ నీ మోచేతుల పక్కనే తిరుగుతుంటాయి. పట్టీ చక్రంలో చిక్కుకుంటే బండి ఉన్నపళంగా పక్కకి లాగేస్తుంది.

నీళ్ళకి సీసాలకంటే గొట్టం ఉన్న నీళ్ళ సంచీ నయం. సీటు వెనక తగిలించి, గొట్టాన్ని భుజం దగ్గర క్లిప్పుతో పెట్టుకుంటే తొక్కుతూనే తాగొచ్చు. కంబర్లాండ్ ఊరు దాటాక దారి వాషింగ్టన్ దాకా సీ అండ్ ఓ (చీసపీక్ అండ్ ఒహాయో) అనే పాత కాలువ గట్టు మీదే, అక్కడ కొన్ని మైళ్ళకొక క్యాంపు చోటు వస్తుంది. అక్కడ చేతిపంపు ఉంటుంది, ఆ నీళ్ళలో అయోడిన్ కలుపుతారు. కొంచెం రుచి తేడాగా ఉంటుంది, నిమ్మ పొడి వేసుకుంటే తెలియదు. నీళ్ళ పరీక్షలో తేడా వస్తే పంపు హ్యాండిల్ తీసేస్తారు కాబట్టి చిన్న ఫిల్టర్ ఒకటి తప్పకుండా ఉంచుకో.

ఇప్పుడు ఎండ, వాన. సైకిల్ మీద ఎండ వీపుకి, మెడకి కొడుతుంది. ట్రైక్ మీద నువ్వు ఆకాశం వైపు తిరిగి వాలి ఉంటావు కాబట్టి ముఖం, గడ్డం కింద, తొడల పైభాగం, మోకాళ్ళు, ముంగాళ్ళు మాడతాయి. షార్ట్స్ వేసుకుని మొదటిరోజు ఎండలో తొక్కినవాళ్ళు రెండోరోజు దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. పల్చటి, వదులైన పొడుగు ప్యాంటు వేసుకో. హెల్మెట్ కింద ముందుకి అంచు ఉన్న టోపీ పెట్టు. ఎండకైనా వానకైనా ఆ అంచు లేకపోతే కళ్ళు తెరవలేవు. వాన పడితే నీళ్ళు తిన్నగా ఒళ్ళో పడి, సీటులోకి దిగి, నడుం కింద చేరతాయి. అందుకే రెయిన్ కోటుతో పాటు రెయిన్ ప్యాంటు కూడా ఉండాలి. నీ లిస్టులో అది లేదు. ముందు చక్రాలకి మడ్‌గార్డులు లేకపోతే బిగించుకో. కాలువ గట్టు మట్టిది, వానపడితే ఆ బురదంతా చేతుల మీదికి, ముఖం మీదికి చిమ్ముతుంది. మరీ ముసురు పట్టితే హాన్‌కాక్ చుట్టుపక్కల కాలువ పక్కనే పాత రైలు దారి మీద తారు వేసిన వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రైల్ ఉంది, 28 మైళ్ళు. మొహమాటపడకుండా దాని మీదికెక్కెయ్.

పాదాల సంగతి అన్నిటికంటే ముఖ్యం, చిన్నా. ఇది మటుకు వాదన లేకుండా వినాలి. ట్రైక్ మీద పాదాలు ఎదురుగా గాల్లో ఉంటాయి. మామూలు పెడల్ మీద నుంచి పాదం జారిందంటే నేలకి తగులుతుంది, బండి ముందుకి పోతూనే ఉంటుంది, కాలు ఫ్రేము కింద ఇరుక్కుని వెనక్కి మడత పడుతుంది. చీలమండ, కాలి ఎముక విరిగే ప్రమాదం అది. కాబట్టి పెడల్‌కి బిగిసే షూస్ గానీ, మడమ పట్టీలున్న పెడల్స్ గానీ లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళకు. ఆ షూస్ ఒక సైజు వదులుగా కొంటే మందం మేజోళ్ళు పడతాయి. ఎదురుగాలి మొదట పాదాలకే తగులుతుంది, మే నెలలో కూడా ఆ కొండల్లో తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోతాయి. మేజోళ్ళు మూడు జతలు పెట్టుకో, అందులో ఒకటి ఊలుది. సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం మార్చే ముందు గొట్టం ఉంది కదా, దాని మీద నీకు సరిపోయిన చోట పెర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి పెట్టు. కుదుపులకి అది కొంచెం జరిగినా మోకాళ్ళు చెబుతాయి. గీత ఉంటే అల్లెన్ కీతో నిమిషంలో సరిచేసుకోవచ్చు.

ట్యూబుల విషయంలో చాలామందికి వచ్చే చిక్కు చెబుతాను. నీ బండికి ముందు చక్రాలు 20 అంగుళాలవి, వెనకది 26. అంటే రెండు సైజుల ట్యూబులు మోయాలి. 20 అంగుళాలవి రెండు, 26 ది ఒకటి చాలు. కానీ 20 అంగుళాల్లోనూ రెండు రకాలున్నాయి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 406 అని గానీ 451 అని గానీ ఉంటుంది, టార్చి వేసి చదువు. 406 అయితే అదృష్టవంతుడివి, పిల్లల సైకిళ్ళకి వాడేది అదే సైజు, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. కాకపోతే ఆ ట్యూబులకి కారు టైర్లకుండే లావు వాల్వ్ ఉంటుంది. నీ రిమ్ముకి సన్న వాల్వ్ పట్టే రంధ్రమే ఉంటే అది దూరదు. బయల్దేరే ముందే చూసుకుని, నీ వాల్వ్‌కి సరిపోయే ట్యూబులే కొను, పంపు తల కూడా దానికి పట్టేదే ఉండాలి.

పంక్చర్ వేయడం మటుకు ట్రైక్‌కి తేలిక. ముందు చక్రం ఇరుసుకి ఒక వైపే తగిలించి ఉంటుంది, చక్రం ఊడదీయక్కర్లేదు. బ్యాగులు దించి, బండిని మెల్లగా పక్కకి ఒరిగించు. పైకి లేచిన చక్రం నీ ఎదురుగా ఉంటుంది. లివర్లతో టైరు ఒక అంచు పైకి లేపి, ట్యూబు బయటికి లాగి, కొత్తది పెట్టేముందు టైరు లోపల వేలితో చుట్టూ తడిమి చూడు. ముల్లు గానీ సన్న ఇనుప తీగ గానీ ఉంటే అక్కడే ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే మైలు తిరక్కముందే మళ్ళీ గాలి పోతుంది.

చైను కూడా మామూలు సైకిల్ చైనుకి దాదాపు మూడింతల పొడుగు. తెగితే అతికించుకోవడానికి దానికి సరిపోయే క్విక్ లింకులు రెండు, చైను పనిముట్టు ఒకటి ఉండాలి. నీ చైను తొమ్మిది గేర్లదా, పది గేర్లదా అన్నది చూసి కొను, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఇవి కాక అల్లెన్ కీలు, ప్యాచ్ కిట్, ప్లాస్టిక్ ట్యాగులు, కొంచెం ఆయిల్, ఒక పాత గుడ్డ. అంతే, వర్క్‌షాపు మోయకు.

బరువు గురించి నీకు రెండు మాటలు చెప్పాలి. ట్రైక్ పడదు, నడక వేగంతో ఎక్కినా నిలకడగానే ఉంటుంది. అందుకే అందరికీ ఇంకొకటి పెట్టుకుందామనిపిస్తుంది. పిట్స్‌బర్గ్ నుంచి ఎక్కుడు ఎంత మెల్లగా ఉంటుందంటే, బరువు ఉన్న సంగతే తెలియదు. మైయర్స్‌డేల్ దాటి 2,392 అడుగుల ఎత్తున ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (ఒక పక్క వాన నీళ్ళు అట్లాంటిక్‌కి, ఇంకో పక్కవి మెక్సికో గల్ఫ్‌కి పోయే కొండ గట్టు) చేరాక అసలు పరీక్ష మొదలు. అక్కడి నుంచి కంబర్లాండ్ దాకా 24 మైళ్ళు దిగుడే. బరువంతా వెనక ర్యాక్ మీద ఎత్తుగా పేర్చి ఉంటే మలుపులో లోపలి చక్రం నేల వదిలేస్తుంది. టెంటు, వంట గిన్నె, ట్యూబులు, తిండి ఇవన్నీ పక్క బ్యాగుల్లో అడుక్కి వెళ్ళాలి, రెండు వైపులా బరువు సమానంగా. ర్యాక్ మీద నిద్ర సంచి లాంటి తేలికైనవి మాత్రమే కట్టు. అన్నీ కలిపి 30 పౌండ్లు దాటనీయకు. మడత కుర్చీ తీసెయ్, బ్రేక్ బిగిస్తే నీ సీటే పడక కుర్చీ.

ఆ దిగుడు మొదట్లోనే బిగ్ సావేజ్ సొరంగం, 3,294 అడుగులు. దీపాలుంటాయి కానీ ఎండాకాలంలో కూడా లోపల చలి. ఎడమ సంచిలో జాకెట్ పెట్టమన్నది అందుకే. కాలువ గట్టు మీద వచ్చే పాపా సొరంగం వేరు. దాన్ని 1836లో మొదలుపెట్టి 1850లో పూర్తిచేశారు, అరవై లక్షల పైచిలుకు ఇటుకలు పట్టాయట. లోపల దీపాల్లేవు, దారి ఇరుకు, గుంటల్లో నీళ్ళు. దిగి నడవాలి. బండిని నెట్టాలంటే వంగాలి, నీ నడుంతో అది వద్దు. ఒక రెండు గజాల బెల్టు ముక్క పెట్టుకుని, ముందు గొట్టానికి కట్టి, నిటారుగా నిలబడి మెల్లగా లాక్కెళ్ళు. తల లైటు పూర్తిగా ఛార్జ్ అయి ఉండాలి.

దారంతా చాలావరకు కార్లు లేనిదే అయినా జెండా, రెండు అద్దాలు, వెనక ఎర్ర లైటు మానొద్దు. ఊళ్ళలోకి హోటల్‌కో, దుకాణానికో వెళ్ళినప్పుడు పెద్ద బండ్లవాళ్ళకి నువ్వు కనపడేది ఆ జెండా వల్లే.

ట్రైక్ ఎత్తు తక్కువ కాబట్టి దారి పక్క గడ్డి నీ చేతుల్ని రాసుకుంటూ పోతుంది. ఆ గడ్డిలో టిక్‌లు ఉంటాయి, ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు, లైమ్ జబ్బు తెచ్చేవి. బట్టలకి ముందే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టు. రోజూ సాయంత్రం మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కో. సన్న మొన ఉన్న ట్వీజర్ మందుల సంచిలో ఉండాలి.

ఇక తిండి. మొదటిరోజుకి దిగులే లేదు. ముందురోజు పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని పులిహోర ప్యాకెట్లు తెచ్చుకుందాం, మర్నాడు మధ్యాహ్నం దాకా చెడదు. తర్వాత ఒహాయోపైల్, రాక్‌వుడ్ లాంటి ఊళ్ళలో ఏదో ఒకటి దొరుకుతుంది. కంబర్లాండ్ నుంచి హాన్‌కాక్ దాకా ఉన్న 60 మైళ్ళలో మటుకు దుకాణాలు బహు తక్కువ. దానికోసం నేను ఉప్మా రవ్వ చేసిస్తాను. రవ్వ దోరగా వేయించి, ఆవాలు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు కరకరలాడేలా వేసి, ఉప్పు కలిపి, పూటకొకటి చొప్పున జిప్ కవర్లలో కడతాను. మరిగే నీళ్ళు పోసి మూత పెడితే చాలు. అటుకులు, కందిపొడి, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు కూడా పెట్టుకో. ఆవకాయ సీసా వద్దు, నూనె కారిందంటే బ్యాగంతా పాడు. తిండి రాత్రి టెంటులో పెట్టుకోకు, రకూన్లు వస్తాయి. తాడుతో కొమ్మకి వేలాడదియ్. కాలువ వెంట చెత్త డబ్బాలుండవు, కవర్లన్నీ నువ్వే వెనక్కి మోసుకురావాలి, దానికొక సంచి ఉంచుకో.

కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాగితం మ్యాప్ పెట్టుకో. ఆ రోజు ఎక్కడ దిగుతావో పొద్దున్నే అక్కకి మెసేజ్ పెట్టు. సాయంత్రం దాకా ఆగితే సిగ్నల్ దొరక్కపోవచ్చు, అక్కడ తను టెన్షన్ పడుతుంది.

వచ్చేముందు ఒక శనివారం మొత్తం సామాను కట్టుకుని, మీ ఆష్‌బర్న్ పక్కనుంచి పోయే డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ మీద ముప్పై మైళ్ళు తొక్కి చూడు. మధ్యలో ఏ వస్తువు కోసం లేవాల్సి వచ్చిందో రాసుకుని, దాన్ని సీటు పక్క సంచుల్లోకి మార్చు. ఆ రోజంతా ముట్టుకోని వస్తువులు ఏమిటో కూడా రాయి. మందులు, పనిముట్లు, వాన బట్టలు తప్ప మిగతావి ఇంట్లోనే వదిలెయ్.

బయల్దేరేది ఆదివారం కాబట్టి శుక్రవారం రాత్రికే మా ఇంటికి చేరు. బాబాయి గ్యారేజీలో కాటా పెట్టి ఉంచుతానన్నారు, బ్యాగులు తూచి సరిచేసుకుందాం. ట్యూబుల సైజు చూసి ఈ వారంలోనే ఫోన్ చెయ్. ఇక్కడ దొరికేవైతే నేనే కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ పిన్ని